వీణా, గోల్ఫు కర్రలూ, ఒక పెట్టె కథా

మా అశోక్‌నగర్ అపార్టుమెంటులో లిఫ్టు బహు చిన్నది. నలుగురు పడతారని లోపలి రేకు మీద రాసి ఉంటుంది గానీ, ఆ నలుగురూ ఏకాదశి ఉపవాసం తప్పనివారై ఉండాలి. 2025 ఏప్రిల్‌లో ఒక ఉదయం పాల ప్యాకెట్లు పట్టుకుని ఎక్కబోతే, ఆ ఉన్న చోటులో సగాన్ని ఒక నల్లని సంచీ ఆక్రమించుకుని ఉంది. నిలబెడితే నా భుజం దాకా వచ్చే పొడవు. అడుగున రెండు చక్రాలు, నెత్తిన దిండులాంటి మెత్తటి ఉబ్బు. దాని వెనకాల ఒదిగి నిలుచున్నాడు అయిదో అంతస్తు కుర్రాడు, అప్పుడే విమానం దిగివచ్చిన నిద్రకళ్ళతో.

"ఏం బాబూ, ఇందులో ఏముంది?"

"గోల్ఫు కర్రలు అంకుల్. బ్యాంకాక్ వెళ్ళి ఆడొచ్చాం."

చిక్కడపల్లి, అశోక్‌నగర్ వీధుల్లో సంచీ అంటే పోటీ పరీక్షల పుస్తకాల సంచీయే. పొద్దున్నే లేచి వీపున బరువులతో నగర కేంద్ర గ్రంథాలయం వైపు నడిచే పిల్లలు కనబడతారు గానీ, ఆటసామాను మోసేవారు అరుదు. గోల్ఫు అంటే గోల్కొండ కోట దగ్గర నయాఖిల్లా పచ్చిక మీద ఎవరో ఆడుకునే ఆట అనుకునేవాణ్ణి. అది నాతో పాటు మా లిఫ్టులో ఎక్కుతుందని ఏనాడూ అనుకోలేదు.

మామూలు రోజైతే ఒక నవ్వు నవ్వి ఊరుకునేవాణ్ణే. కానీ ఆ రోజు ఆ సంచీ మీంచి నా చూపు మరల్లేదు. పొడవైన వస్తువు, ఒక చివర బరువు, సన్నటి మెడ, పైగా విమాన ప్రయాణం. ఈ నాలుగూ కలిసిన సమస్య ఒకటి అప్పటికి మూడు వారాలుగా మా ఇంటి ముందుగదిలో తివాచీ మీద పడుకుని ఉంది. అది మా ఆవిడ వీణ.

"సాయంత్రం ఖాళీగా ఉంటే ఈ సంచీ ఒకసారి విప్పి చూపిస్తావా?" అని అడిగాను. కుర్రాడు నన్ను వింతగా చూశాడు. ఈ వయసులో పెద్దాయనకి గోల్ఫు మీదికి మనసు పోయిందనుకున్నాడు కాబోలు.

*

వీణ సంగతి కాస్త వెనక నుంచి చెప్పాలి.

మా మామగారు రేడియోలో ఈమని శంకరశాస్త్రిగారి వాదన విని విని, కూతురికి వీణ నేర్పించి తీరాలని సంకల్పించుకున్న మనిషి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పురమాయించి చేయించారు. సర్వసిద్ధివారి కుటుంబాలు తరతరాలుగా వీణలు చెక్కుతున్న ఊరది. కుండనూ దండినీ విడివిడిగా చేసి అతికించకుండా ఒకే పనస దుంగను తొలిచి చేస్తారు గనుక దాన్ని ఏకాండి వీణ అంటారు. దండి పొడవునా నల్లని మైనం పరిచి, దాని మీద 24 మెట్లు నిలబెడతారు. ఒక చివర పెద్ద కుండ, రెండో చివర కిందికి వంగిన యాళి తల. మధ్యలో దండి కింద ఒక బుర్ర. దాని మర తిప్పితే ఊడి వస్తుంది. ఆ వీణతోనే ఆవిడ రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాలకి వెళ్ళి నేర్చుకుంది. ఆ వీణతోనే కాపురానికి వచ్చింది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో నాలుగైదుసార్లు వాయించింది కూడా. అప్పట్లో ఆటోలో నేను ఒక పక్క, ఆవిడ ఒక పక్క, మధ్యలో ఇద్దరి ఒళ్ళలోనూ పడుకుని వీణ.

2011లో మా అమ్మాయి పురిటికి డాలస్ వెళ్ళవలసి వచ్చింది. బారసాలనాడు మనవరాలి ఉయ్యాల పక్కన కూర్చుని వాయించాలని ఆవిడ కోరిక. ప్రయాణానికి రెండు నెలల ముందే, "మద్రాసులో ఫైబరు పెట్టెలు చేస్తారటండీ, ఒకటి తెప్పిద్దాం" అంది. ధర కనుక్కున్నాను. ఆ డబ్బుతో ఇంకో చిన్న వీణ కొనవచ్చు కదా అనిపించింది. రెక్సిను తొడుగు ఉంది, రెండు బొంతలు చుడదాం, పైన తాడు కడదాం, చాలు అన్నాను. ఆవిడ ఇంకా ఏదో అనబోతుంటే, "వెళ్ళేది విమానంలో, ఎడ్లబండిలో కాదు కదా!" అన్నాను. ఆ మాట నాకే ఎంతో నచ్చి ఇద్దరు ముగ్గురు స్నేహితులకు కూడా చెప్పి నవ్వించాను.

విమానాశ్రయంలో సామాను తీసుకునే మనిషి ఆ మూటని ఎగాదిగా చూసి, దానికొక చీటీ తగిలించి, దాని మీద నన్ను సంతకం పెట్టమన్నాడు. చదవకుండానే పెట్టాను. దిగేసరికి అమ్మాయి ఆసుపత్రిలో ఉంది. మూటని గరాజులో ఒక మూల నిలబెట్టి, మేము ఆ హడావుడిలో పడిపోయాం. బారసాలకి ముందురోజు రాత్రి పసిపిల్ల నిద్రపోయాక ఆవిడ గరాజులోకి వెళ్ళింది. ఎంతసేపటికీ లోపలికి రాకపోతే నేను వెళ్ళాను. బొంతలు విప్పి ఉన్నాయి. యాళి తల మెడ దగ్గర విరిగి, నగిషీ పట్టీ ఆధారంగా వేలాడుతోంది. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది.

ఫిర్యాదు చేశాం. అప్పటికి పదకొండు రోజులు గడిచాయన్నారు. సరిగా కట్టని సున్నితమైన వస్తువుకి పూచీ లేదని ఒప్పుకుంటూ సంతకం పెట్టారు కదా అన్నారు. రెండూ నిజమే.

బారసాలనాడు ఆవిడ పాట పాడింది.

తిరిగి వచ్చాక వీణని బొబ్బిలి పంపి బాగు చేయించాం. నా చెవికి పూర్వంలాగే మోగింది. ఆవిడ చెవికి ఎలా మోగిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఒక్క మాట నిష్ఠూరంగా అని ఉంటే నాకు తేలికయ్యేది. ఆ తరువాత ఆ వీణ ఇల్లు కదల్లేదు. గానసభకి వెళ్ళవలసి వస్తే శిష్యురాలి వీణ అడిగి తీసుకునేది. "నా వీణ నారాయణగూడ ఫ్లైఓవరు దాటదండీ" అని నవ్వేది. ఆ నవ్వు ఎక్కడ నుంచి వస్తోందో నాకు తెలుసు.

ఆనాడు ఉయ్యాలలో ఉన్న పిల్లకి ఇప్పుడు పధ్నాలుగో ఏడు. రెండేళ్ళుగా అక్కడే ఒక గురువుగారి దగ్గర నేర్చుకుంటోంది. మొన్న ఉగాదికి ఫోనులో, "అమ్మమ్మా, నీ వీణ నాకిస్తావా?" అని అడిగింది. ఆవిడకి వేళ్ళ కీళ్ళు పట్టేస్తున్నాయి. పావుగంట కంటే వాయించలేకపోతోంది. "ఇక్కడ ఉంటే దుమ్ము పడుతుంది, అక్కడ ఉంటే మోగుతుంది" అంది. తరువాత నా వైపు తిరిగి, "ఎలా తీసుకెళ్ళాలో మీరే చూడండి" అంది.

పధ్నాలుగేళ్ళ కిందట ఆవిడ మాట కాదన్న మనిషికే మళ్ళీ ఆ పని అప్పగించింది. అందుకే మూడు వారాలుగా నాకు నిద్ర లేదు.

*

ముందు కొలిచాను. వీణ పొడవు 52 అంగుళాలు, కుండ వెడల్పు 15, బుర్ర తీసేస్తే తూకం 7 కిలోలు. అంతర్జాతీయ ప్రయాణంలో ఎకానమీ టిక్కెట్టుకి చాలా సంస్థలు అనుమతించే పెట్టె 23 కిలోల బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు కూడితే 62 అంగుళాలు. మన వీణ ఏ పెట్టెలో పెట్టినా కూడిక 85 దాటుతుంది. అంటే పెద్ద సామాను కింద అదనపు రుసుము తప్పదు. అమెరికా సంస్థలకి మాత్రం ఒక నియమం ఉంది. 2012లో చేసిన చట్టాన్ని అనుసరించి 2015 మార్చి నుంచి అమలైన నిబంధన అది. పెట్టెతో సహా కూడిక 150 అంగుళాలు, బరువు 165 పౌండ్లు మించని సంగీత వాద్యాన్ని సామానుగా తీసుకోవాలి. కానీ రుసుము అడగకూడదని అందులో లేదు, వేరే దేశాల సంస్థలకి అది వర్తించదు.

పక్కన ఒక సీటు కొనుక్కోవడం రెండో దారి. చెల్లో వాయించేవారు అలాగే చేస్తారు. మా ఆవిడ విని, "మీకూ నాకూ మధ్య మళ్ళీ ఆటోలోలాగా కూర్చుంటుందన్నమాట" అంది. కానీ సీటు మీద పెట్టే వస్తువు ఎత్తుకీ వెడల్పుకీ ఒక్కో సంస్థకి ఒక్కో పరిమితి. 52 అంగుళాల వీణ, దాని చుట్టూ పెట్టె, ఏ లెక్కలోనూ ఇమడలేదు.

ఇక్కడే వదిలి అక్కడ కొత్తది కొనడం మూడో దారి. మనవరాలు అడిగింది వీణని కాదు, అమ్మమ్మ వీణని. కనుక ఆ దారి ఆదిలోనే మూసుకుపోయింది.

మిగిలినవి పెట్టె రకాలు. చెక్కపెట్టె గట్టిదే గాని దాని బరువే పదిహేను కిలోలు దాటుతుందని వడ్రంగి చెప్పాడు. స్పాంజి కుట్టిన మెత్తని సంచీ తేలిక. ఆటోకి చాలు, విమానానికి చాలదు. ఫైబరు పెట్టె మధ్యస్థం. నారాయణగూడ చౌరస్తా నుంచి కాచిగూడ వైపు సందులన్నీ తిరిగి బ్యాగులు కుట్టే దుకాణాల్లో అడిగాను. అందరూ కుడతామన్నారు. ఏది కుడితే విరగదో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. అంతర్జాలంలో వెతికితే ధైర్యం కాస్తా పోయింది. సరోద్ విద్వాంసులు అంజద్ అలీ ఖాన్‌గారు 2014లో లండన్ నుంచి ఢిల్లీలో దిగితే ఆయన వాద్యం దిగలేదు. కొన్ని రోజులకు గానీ చేరలేదు. 2018 జనవరిలో శుభేంద్రరావుగారు న్యూయార్కులో పెట్టె తెరిస్తే సితారు విరిగి ఉంది. 2008లో గిటారు విరిగిన కెనడా గాయకుడు డేవ్ కారల్, నష్టపరిహారం రాక విసిగి, ఆ సంగతినే పాటగా కట్టి 2009లో లోకమంతా వినిపించాడు. మహామహులకే తప్పనిది మనకి తప్పుతుందా అని దిగులేసింది.

అటువంటి దశలో లిఫ్టులో కనబడింది ఆ నల్ల సంచీ.

*

సాయంత్రం అయిదో అంతస్తుకి వెళ్ళాను. కుర్రాడు ఎంతో ఓపికగా సంచీని నేల మీద పడుకోబెట్టి విప్పాడు. లోపల ఇంకో సంచీ, అందులో పధ్నాలుగు కర్రలు. ఆట నియమాల ప్రకారం అంతకు మించి ఉండకూడదట. అన్నిటికంటే పొడవైనదాన్ని డ్రైవర్ అంటారు. సుమారు 45 అంగుళాలు. చివర లోపల డొల్లగా ఉండే టైటానియం తల. సన్నటి కాడ ఆ తలలోకి దిగే చోటే బలహీనమట.

"ఎక్కువ విరిగేది ఈ మెడ దగ్గరే అంకుల్" అన్నాడు.

నేను ఏమీ మాట్లాడలేదు.

"గట్టి పెట్టె కొంటే సరిపోదా?" అని అడిగాను కాసేపటికి.

అతను చెప్పినదాని సారం ఇది. గట్టి పెట్టెలూ ఉన్నాయి. పైనుంచి బరువు పడితే అవి కాపాడతాయి. కానీ గట్టి పెట్టెలో వస్తువు వదులుగా ఉంటే, పెట్టె కింద పడినప్పుడు పెట్టెకి ఏమీ కాదు, లోపలి వస్తువు గోడకి కొట్టుకుని విరుగుతుంది. మెత్తటి సంచీ తేలిక, మడిచి కారు డిక్కీలో పడేయవచ్చు, కానీ తలకిందులుగా పడితే ఆ దెబ్బ నేరుగా పొడవాటి కర్ర తల మీదే పడుతుంది. అందుకని దీనికొక ఉపాయం కనిపెట్టారంటూ కర్రల మధ్య నుంచి ఒక లోహపు కడ్డీని బయటికి లాగాడు. గొడుగు కాడలాగా సాగుతుంది. దాని నెత్తి మీద ఒక గుండ్రని దిమ్మ.

"దీన్ని డ్రైవర్ కంటే రెండంగుళాలు పైకి ఉండేలా బిగిస్తాం. సంచీ తలకిందులుగా పడితే ముందు నేలకి తగిలేది ఇదే. బరువంతా ఇది మోస్తుంది. కర్రల దాకా రాదు."

అంత చిన్న సంగతి! ఆ కడ్డీతో ఎవరూ ఆట ఆడరు. పచ్చిక మీదికి దాన్ని తీసుకుపోరు. అందరికంటే రెండంగుళాలు ఎత్తున నిలబడి దెబ్బ తినడమే దాని ఉద్యోగం.

ఇంకో రెండు సంగతులు కూడా చెప్పాడు. తలల మధ్య తువ్వాళ్ళు కుక్కాలి. లోపల ఏదీ ఏదానికీ తగలకూడదు, ఏదీ కదలకూడదు. రెండోది, చక్రాలు మంచివై ఉండాలి. "చక్రాలున్న సంచీని ఎవరైనా దొర్లిస్తారు అంకుల్, మోయరు. మోయకపోతే కింద పడెయ్యరు" అన్నాడు. నలభై ఏళ్ళు ఉద్యోగం చేసిన నాకు మనిషి స్వభావం గురించి ఇంత తేటగా చెప్పినవారు తక్కువ.

"ఈ సంచీలో మా వీణ పడుతుందా?" అని ఆశగా అడిగాను. టేపు పెట్టి కొలిచాం. పొడవు సరిపోయింది. కుండ దగ్గర మూడంగుళాలు తక్కువ. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కిందికి వస్తూ ఒకటే అనుకున్నాను. గోల్ఫు ఆడేవారు ప్రపంచమంతా తిరుగుతారు, డబ్బున్నవారు, కనుక వారి కర్రల కోసం ఎవరో కూర్చుని ఇంత ఆలోచించారు. చాలా విమాన సంస్థలు గోల్ఫు సంచీ అంటే పొడవు లెక్క కూడా చూడవు. క్లీవ్‌లాండులో 1978 నుంచి త్యాగరాజ ఆరాధనలు జరుగుతున్నాయి, ఏటా ఎన్నో వీణలు సముద్రాలు దాటుతున్నాయి, అయినా వీణ పెట్టె గురించి ఎవరింట్లో వారు మొదటి నుంచి ఆలోచించుకోవలసిందే. సరే, మనమే ఆలోచిద్దాం అనుకున్నాను.

*

మద్రాసు నుంచి ఫైబరు పెట్టె తెప్పించాను. పధ్నాలుగేళ్ళ కిందట అనవసరమన్న ఖర్చే, ఇప్పుడు మూడింతలైంది. దాని సొంత బరువు 9 కిలోలు. లోపల పలచని స్పాంజి, పైన వెల్వెటు. చూడటానికి పెళ్ళికూతురి పెట్టెలా ఉంది గాని, వీణని పెట్టి కాస్త ఊపితే లోపల కదులుతున్న చప్పుడు వినబడింది. కుర్రాడు చెప్పిన గోడకి కొట్టుకోవడం అంటే ఇదే.

దాన్ని ఆటోలో వేసుకుని నారాయణగూడలో బ్యాగులు కుట్టే ఒకాయన దగ్గరికి వెళ్ళాం. ఈసారి ఆవిడని కూడా తీసుకెళ్ళాను. వీణ ఎక్కడ పట్టుకుంటే ఓర్చుకుంటుందో, ఎక్కడ ఓర్చుకోదో తెలిసినది ఆవిడకే. 2011లో నేను అడగవలసింది కూడా అదే. ఆవిడ చెబుతూ ఉంటే ఆయన సుద్దముక్కతో గీతలు గీశాడు. కుండ కూర్చోవడానికి గట్టి స్పాంజిని కుండ ఆకారంలోనే కోశాడు. దండి కింద మూడు చోట్ల ఆనింపులు. యాళి తల చుట్టూ మాత్రం ఏమీ లేదు, ఖాళీ. అది దేనికీ ఆనకూడదు, దానికేదీ తగలకూడదు అంది ఆవిడ. దండికి రెండు వైపులా పెట్టె పొడవునా రెండు టేకు బద్దలు, యాళి కంటే రెండంగుళాలు ముందుకి చొచ్చుకుని. అవి మన ఊతకడ్డీలు. వాటిని వడ్రంగి చేశాడు. కుండ వైపు అడుగున చక్రాలు, పక్కన గట్టి పిడి. బయట మందపాటి గుడ్డ తొడుగు.

మూడు రోజులు కుట్టాక ఆయన పెట్టె మూత మీద చెయ్యి వేసి, "గిది సంచి గాదు సారూ, తొట్టెల కుట్టినట్టుంది నాకు" అన్నాడు. మా ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. ఆయనకేం తెలుసు!

వీణతో సహా తూకం 18.5 కిలోలు. 23కి లోపే.

మిగిలిన జాగ్రత్తలన్నీ ఆవిడవి. తంత్రులు పూర్తిగా వదిలెయ్యకుండా రెండు మూడు స్వరాలు దించింది. మొత్తం వదిలేస్తే గుర్రం జారిపోతుందట. తంత్రులకీ మెట్లకీ మధ్య మెత్తని గుడ్డ పరిచింది. బుర్రని విప్పి, చీరలో చుట్టి చేతిసంచీలో పెట్టుకుంది. ప్రయాణం మే నెలాఖరులో. విమానం ఎగిరాక చలికంటే, ఎగిరేముందు సామాను బండి మీద ఎండలో పడి ఉండే సమయమే మైనానికి గండమంది. వేడికి మైనం మెత్తబడితే మెట్లు జరుగుతాయి. అందుకని పగటి విమానం వదిలి తెల్లవారుజామున బయలుదేరేది తీసుకున్నాం. పాత వీణల మీద ఏనుగు దంతపు నగిషీ ఉంటే దేశం దాటించడానికి చట్టం ఒప్పుకోదు. మాది ప్లాస్టిక్కే గనుక ఆ బాధ తప్పింది.

నా వంతు కాగితాలు. పెట్టె తెరిచి ఉన్నప్పుడు, మూసి ఉన్నప్పుడు ఫోటోలు తీశాను. మాంట్రియల్ ఒడంబడిక చదివాను. మన దేశం 2009లో అందులో చేరింది. సామాను పాడైతే అందిన ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. పరిహారానికి పైమితి ఉంది. 2024 డిసెంబరు 28 నుంచి అది ఒక ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే దాదాపు రెండు వేల డాలర్లు. విలువ ఎక్కువైతే ముందే ప్రకటించి అదనంగా చెల్లించవచ్చు. ఈ వీణకి ఏ విలువ ప్రకటించాలో నాకు తోచలేదు. మీలో ఎవరైనా వాద్యంతో ప్రయాణం పెట్టుకుంటే, ఇంటికి చేరాక కాదు, విమానాశ్రయం దాటక ముందే పెట్టె తెరిచి చూసుకోండి. నేను చెప్పగలిగిన సలహాల్లో ఇదొక్కటే నష్టపోయి నేర్చుకున్నది.

*

శంషాబాదులో పెద్ద సామాను తీసుకునే చోట పెట్టెని బల్ల మీదికి ఎక్కించాం. అక్కడి అమ్మాయి చీటీ తగిలించి, సంతకం పెట్టమంది. ఈసారి మొత్తం చదివాను. పధ్నాలుగేళ్ళ కిందట పెట్టినదే. సున్నితమైన వస్తువు, పూచీ పరిమితం. ఎంత మంచి పెట్టె చేయించినా ఆ కాగితం మారదు. కలం పట్టుకుని అలాగే నిలబడ్డాను. వెనక వరుసలో ఎవరో దగ్గారు.

అప్పుడు మా ఆవిడ నా మోచేయి పట్టుకుని, మెల్లిగా, నాకు మాత్రమే వినబడేటట్టు, "ఏవండీ, ఈసారి విరిగినా మీ తప్పు కాదు" అంది.

నేను పాస్‌పోర్టుల కోసం జేబులు వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాను. పాస్‌పోర్టులు బల్ల మీదే ఉన్నాయి. సంతకం పెట్టాను. పెట్టె రబ్బరు పట్టీ మీద చిన్నగా ఊగుతూ, తెరల వెనక్కి వెళ్ళిపోయింది.

పధ్నాలుగేళ్ళుగా నేను ఎదురుచూసింది వీణ క్షేమంగా చేరడం కోసం కాదని ఆ క్షణంలో తెలిసింది. వీణ చేరుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. ఆ మాట అనడానికి ఆవిడ పెట్టె తెరిచేదాకా ఆగలేదు.

డాలస్‌లో పెట్టె అన్నిటికంటే ఆఖరున వచ్చింది. అక్కడే ఒక పక్కకి లాగి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాం. యాళి వైపు మూల బయటి తొడుగు చిరిగి ఉంది. దాని కింద ఫైబరు అరచేయి అంత మేర లోపలికి నొక్కుకుపోయింది. ఎక్కడో, ఎవరి చేతుల్లోంచో, పెట్టె తలకిందులుగా పడింది. ఆవిడ తాళం తీసింది. ఒక టేకు బద్ద కొస చిట్లి, పీచులు లేచి ఉన్నాయి. దానికి రెండంగుళాల వెనక, ఖాళీలో, యాళి అలాగే నోరు తెరుచుకుని చూస్తోంది.

ఆవిడ ముందుగా దాని మెడ తడిమింది. తరువాత దండి పొడవునా వేలు పోనిచ్చి, తారస్థాయి దగ్గర ఆగి, "రెండు మెట్లు జరిగాయి" అంది. మా అమ్మాయి వంటింట్లో గరిట వేడి చేసి, మైనం మెత్తబరిచి, ఆ సాయంత్రమే వాటిని సరిచేసింది. మనవరాలు పక్కనే కూర్చుని ఎలా చేస్తోందో చూసింది. శ్రుతి చేసి వీణని పిల్ల ఒళ్ళో పెట్టింది. పిల్ల సరళీ స్వరాలు వాయించింది. ఆవిడ తాళం వేసింది. నేను బల్ల మీద ఉన్న వార్తాపత్రిక చదువుతున్నట్టు కూర్చున్నాను.

పెట్టెని అక్కడే వదిలి వచ్చాం. ఇక ఆ పిల్ల ప్రయాణాలకి కావాలి కదా. చిట్లిన బద్దని మాత్రం తీసి, అల్లుడి చేత కొత్తది వేయించి, పాతది నా సామానులో వేసుకుని తెచ్చుకున్నాను.

ఆగస్టులో తిరిగి వచ్చాక ఒక ఉదయం లిఫ్టులో మళ్ళీ ఆ కుర్రాడు కనబడ్డాడు. ఈసారి సంచీ లేదు, మెడలో ఆఫీసు పట్టీ.

"వీణ చేరిందా అంకుల్?"

"చేరింది బాబూ. నువ్వు చెప్పినట్టే అయింది. దెబ్బ ఊతకర్రకే తగిలింది."

"మరి ఆంటీ ఏమన్నారు?"

చెబుదామనుకున్నాను. ఇంతలో మా అంతస్తు వచ్చింది. పాల ప్యాకెట్లతో దిగిపోయాను.